రోజూ తిరిగే 350 ఇంజనుకు ఏ కార్బురేటర్: హాలీనా, ఎడెల్‌బ్రాకా, డిక్కీలో పడి ఉన్న క్వాడ్రాజెట్టా?

ప్లేనో మాలిబూ – శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడి రాతలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. కిందటి ఏడాది 1972 షెవెల్ మాలిబూ కారు కొన్నాను. 350 ఘనపు అంగుళాల ఇంజను, టీహెచ్‌350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు. వారంలో మూడు రోజులు ఆఫీసుకు దానిమీదే వెళ్తాను. ఆదివారం పిల్లలతో గుడికి కూడా అదే. రేసుల సరదా నాకు లేదు.

ఇంజనులోకి గాలి, పెట్రోలు పంచే ఇనుప మానిఫోల్డ్‌ను పాత యజమాని తీసేసి అల్యూమినియంది వేశాడు. దానిమీద గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ ఒకటి ఉంది, నాలుగు బ్యారెళ్లది, అంటే గాలి దిగే గొట్టాలు నాలుగు. చీటీ ఊడిపోయింది, అంకెలు అరిగిపోయాయి, ఎవరు తయారుచేశారో తెలియదు. ఎక్కడో పాతదాన్ని బాగుచేసి అమ్మినట్టుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆపి పావుగంట తర్వాత తాళం తిప్పితే ఎంతసేపటికీ అందుకోదు. గ్యారేజీ నిండా పెట్రోలు వాసన. బట్టలు ఉతికే యంత్రం కూడా గ్యారేజీలోనే ఉంది కాబట్టి, రెండింటిలో ఏదో ఒకటి బయటికి పోవాలని మా ఆవిడ తేల్చి చెప్పింది.

హాలీ 600 కొనాలా, ఎడెల్‌బ్రాక్ 1406 కొనాలా? డిక్కీలో ఒక అట్టపెట్టెలో కారుతో పాటు వచ్చిన అసలు క్వాడ్రాజెట్ ఉంది, దాన్నే బాగుచేయించాలా? ఎవరిని అడిగినా తమ కారులో ఉన్నదే గొప్పదంటున్నారు.

జెట్టు 66 – శనివారం, ఉదయం 8:15

ఆలోచించడానికి ఏముంది? హాలీ 80457. 600 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగుల గాలి), ఇంజను పీల్పుతో, అంటే వాక్యూమ్‌తో, తెరుచుకునే సెకండరీలు (వెనక బ్యారెళ్లు), చల్లని ఇంజను అందుకోవడానికి గాలి తగ్గించే విద్యుత్ చోక్. 1957లో ఫోర్డ్ థండర్‌బర్డ్ కోసం తెచ్చిన 4150 కుటుంబానికి చెందినదే ఇది. అమెరికా నాస్కార్ కప్ రేసు కార్లు 2011 వరకు హాలీల మీదే పరుగెత్తాయి. జెట్లు (పెట్రోలు వెళ్లే కొలత రంధ్రాలు), పవర్ వాల్వు, యాక్సిలరేటర్ పంపు క్యామ్, సెకండరీ స్ప్రింగు, ఏదైనా విడిగా దొరుకుతుంది, ఏదైనా విడిగా మార్చుకోవచ్చు. పెట్రోలు నిలిచే గిన్నెలో, అంటే బౌల్‌లో, తేలే ఫ్లోట్ మట్టాన్ని ఆ బౌల్ విప్పకుండా పైనున్న స్క్రూతోనే సరిచేయవచ్చు. మిగిలినవాటిలో ఆ సౌకర్యం ఎక్కడుంది?

క్వాడ్రాజెట్ బాబాయి – శనివారం, ఉదయం 9:02

నాయనా జెట్టూ, ఆయన పిల్లలను గుడికి తీసుకెళ్తానంటుంటే నువ్వు నాస్కార్ ట్రాక్ ఎక్కిస్తున్నావు.

ప్లేనో గారూ, డిక్కీలో ఉన్నది పారేయవద్దు. జనరల్ మోటార్స్ సొంత విభాగమైన రోచెస్టర్ ప్రొడక్ట్స్ 1965 నుంచి చేసిన కార్బురేటర్ అది. ముందు రెండు బ్యారెళ్లు చిన్నవి, 1⅜ అంగుళాలు. వెనక రెండూ పెద్దవి, 2¼ అంగుళాలు. మామూలు నడకలో కారు ఆ చిన్న బ్యారెళ్ల మీదే బతుకుతుంది. బ్యారెల్ చిన్నదైతే గాలి వేగం పెరుగుతుంది, పెట్రోలు సన్నగా చిట్లుతుంది, లాగుడు మెత్తగా ఉంటుంది, మైలేజీ వస్తుంది. కాలు అదిమితే వెనక తలుపులు తెరుచుకుని మొత్తం 750 సీఎఫ్‌ఎం. తెలియనివాళ్లు దాన్ని విప్పి, మళ్లీ సరిగ్గా బిగించలేక, తిట్టి పారేశారు. ఒహాయోలో నేను పాతికేళ్లుగా ఏరుకుంటున్నవి అలాంటి కార్బురేటర్లే.

ఎత్తుమీద ఎల్‌ కమీనో – శనివారం, ఉదయం 10:20

నేను ఎడెల్‌బ్రాక్ పక్షం. అయితే కారణాలు చెప్పి మాట్లాడతాను.

1406 రూపం కొత్తదేమీ కాదు. 1957లో వచ్చిన కార్టర్ కంపెనీ ఏఎఫ్‌బీ కార్బురేటర్ వంశం. లోహపు భాగాలు ప్రధానంగా రెండే: కింద ఒళ్లు, పైన మూత. పెట్రోలు మట్టానికి కింద గాస్కెట్ అతుకు లేదు. హాలీలో బౌళ్లు పక్కలకు బిగించి ఉంటాయి, ఆ గాస్కెట్లు ఎప్పుడూ పెట్రోలులోనే నానుతుంటాయి. కారు నెలల తరబడి కదలకపోతే అవి ఎండి, బిగుసుకుని, చెమ్మగిల్లడం మొదలుపెడతాయి. నాణ్యత లోపం అనను, నిర్మాణమే అలాంటిది.

రెండో సంగతి. నేనుండే డెన్వర్ 5,280 అడుగుల ఎత్తు. సముద్రమట్టంతో పోలిస్తే ఇక్కడ గాలి సాంద్రత దాదాపు 15 శాతం తక్కువ కాబట్టి పెట్రోలు పాలు పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది. ఎడెల్‌బ్రాక్‌లో పైన రెండు చిన్న స్క్రూలు విప్పి, జెట్ల రంధ్రంలో దిగి పెట్రోలును కొలిచే మీటరింగ్ రాడ్లు పైకి లాగి, వేరేవి వేసుకుంటే సరిపోతుంది. ఐదు నిమిషాల పని, చుక్క పెట్రోలు కారదు. హాలీలో జెట్టు మార్చాలంటే బౌల్ విప్పాలి, లోపలి పెట్రోలు మానిఫోల్డ్ మీదికి కారిపోకుండా కింద గుడ్డ పెట్టాలి.

జెట్టు 66 – శనివారం, ఉదయం 10:41

గుడ్డ పెట్టడం కూడా కష్టమేనా? ఎడెల్‌బ్రాక్ ఫ్లోట్ మట్టం సరిచేయాలంటే మూత మొత్తం ఊడదీయాలి. 7/16 అంగుళం ఉందో లేదో స్కేలు పెట్టి చూసి, ఫ్లోట్ ఆకు వంచి, మళ్లీ మూత పెట్టి, మళ్లీ చూడాలి. అది ఎన్ని నిమిషాల పనో కూడా చెప్పండి.

ఎత్తుమీద ఎల్‌ కమీనో – శనివారం, ఉదయం 10:55

ఒప్పుకుంటాను, అక్కడ హాలీదే పైచేయి. కానీ ఫ్లోట్ మట్టం ఒకసారి కుదిరిందంటే మళ్లీ ముట్టుకునే అవసరం అరుదు.

ప్లేనో మాలిబూ – శనివారం, మధ్యాహ్నం 12:30

ఇంకొక సందేహం. 600 చాలుతుందా? 750 తీసుకుంటే రేపెప్పుడైనా ఇంజను పెంచినప్పుడు పనికొస్తుందని ఒకరన్నారు.

పాత చక్రం – శనివారం, మధ్యాహ్నం 1:10

పెళ్లినాటికి సరిపోతుందని పదేళ్ల పిల్లవాడికి పెద్ద చెప్పులు కొనరు కదా.

లెక్క ఇది. ఇంజను ఘనపు అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 3,456తో భాగించాలి. మీది 350. రోడ్డు మీద 5,000 దాటించరు అనుకుందాం. వచ్చేది 506. నూటికి నూరు పాళ్లూ గాలి నింపుకునే ఇంజను ఉండదు, 85 శాతం వేసుకోండి. నిమిషానికి 430 ఘనపు అడుగులు చాలు. 600 అంటేనే చేతిలో బోలెడంత మిగులు.

మరి క్వాడ్రాజెట్ 750 అయినా ఎలా నడుస్తుందని బాబాయి అడగకముందే చెబుతాను. దాని సెకండరీల పైన గాలి రేకు ఉంటుంది. ఇంజను ఎంత పీలిస్తే అంతే తెరుచుకుంటుంది. హాలీ వాక్యూమ్ సెకండరీలు చేసేదీ అదే పని, పద్ధతి వేరు. రోడ్డు కారుకు, అందులోనూ ఆటోమేటిక్‌కు, రెండు పంపుల యాంత్రిక సెకండరీల హాలీ మాత్రం వద్దు. కాలు పెట్టిన ప్రతిసారీ పెట్రోలు పారబోసినట్టే.

అయినా అసలు ప్రశ్న ఎవరూ అడగలేదేం? ప్లేనో గారూ, మీ కారులో పెట్రోలు పీడనం ఎంత? ఐడిలింగ్‌లో, అంటే కాలు పెట్టకుండా ఇంజను తిరుగుతున్నప్పుడు, వాక్యూమ్ ఎంత? స్పార్కు టైమింగ్ ఎంత? జ్వరం చూడకుండానే ఏ కంపెనీ మాత్ర మంచిదని ఇంతమందీ వాదించుకుంటున్నారు.

ఇంజక్షన్ మేలు – శనివారం, మధ్యాహ్నం 2:05

ఈ తలనొప్పంతా ఎందుకు? కార్బురేటర్ స్థానంలోనే కూర్చునే ఫ్యూయల్ ఇంజక్షన్ యూనిట్లు వస్తున్నాయి. కంప్యూటర్ తనంతట తానే నేర్చుకుంటుంది. ఎత్తు, చలి, వేడి, దేనికీ ఏదీ మార్చే పని లేదు.

పాత చక్రం – శనివారం, మధ్యాహ్నం 2:20

మంచివే. కానీ వాటికి అధిక పీడనపు పంపు, వీలైతే ట్యాంకులోనే, ట్యాంకుకు తిరిగివచ్చే గొట్టం, శుభ్రమైన వైరింగు, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సరు కావాలి. ఆయన అడిగింది కార్బురేటర్ గురించే. దీనికి వేరే చర్చ తెరవండి, నేనూ వస్తాను.

గోదావరి గట్టు – శనివారం, రాత్రి 9:50

రాజమండ్రి నుంచి. మీ నాలుగు బ్యారెళ్ల మహాయుద్ధంలో మా ఒంటి బ్యారెల్ మాట వింటారా?

మా నాన్నగారి అంబాసిడర్ ఇప్పటికీ ఇంట్లో ఉంది. 1,489 సీసీ, బ్రిటన్‌లో బీఎంసీ బీ సిరీస్ అనే కుటుంబం. ఇంగ్లండ్‌లో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారుకు పెట్టిన 1,798 సీసీ ఇంజను కూడా ఈ కుటుంబంలోదే. మా కారులో ఉన్నది ఎస్‌యూ కార్బురేటర్. స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరుకు పొడి అక్షరాలు అవి. దాంట్లో ఒకే జెట్టు, ఒకే సూది. పైన గుమ్మటంలో ఉండే పిస్టన్ ఇంజను పీల్చినకొద్దీ పైకి లేస్తుంది, సూది జెట్టులోంచి పైకి వస్తుంది, పెట్రోలు దారి పెరుగుతుంది. సైజు చాలుతుందా అన్న గొడవే లేదు.

నేను చెప్పదలచుకున్నది వేరు. ఒక వేసవిలో కారు ఎత్తులు ఎక్కలేక దగ్గేది. కార్బురేటర్ మార్చాలని నలుగురు మెకానిక్‌లు చెప్పారు. ఐదో ఆయన, ముసలాయన, గుమ్మటం మీది ఇత్తడి మూత తిప్పి తీసి చూసి, "నూనె ఏది బాబూ?" అన్నారు. ఆ పిస్టన్ గబుక్కున లేవకుండా పట్టి ఉంచే పలచని నూనె అందులో చుక్క లేదు. పోశాక దగ్గు పోయింది. పాత చక్రం గారి మాట వినండి.

ప్లేనో మాలిబూ – ఆదివారం, సాయంత్రం 6:15

నిన్న దుకాణానికి వెళ్లి పీడనం గేజీ, వాక్యూమ్ గేజీ కొన్నాను. టైమింగ్ లైటు పక్కింటాయన ఇచ్చారు. కొలతలు ఇవి:

పెట్రోలు పీడనం ఐడిలింగ్‌లో 8.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు).
వాక్యూమ్ 14 అంగుళాలు, ముల్లు వణుకుతోంది.
మూల టైమింగ్ 4 డిగ్రీలు. స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీసి, దాని నోట్లో ఒక స్క్రూ కుక్కి ఉంది. ఆ స్క్రూ చూసి ఐదు నిమిషాలు నవ్వుకున్నాను.

పాత చక్రం – ఆదివారం, సాయంత్రం 6:40

సగం జబ్బు దొరికింది. 8.5 పీఎస్‌ఐకి బౌల్‌లోకి వచ్చే పెట్రోలును ఆపే సూది ఏ కార్బురేటర్‌లోనూ నిలవదు. ఎడెల్‌బ్రాక్‌కు 5.5 దగ్గర హాయి, 6.5 దాటకూడదు. హాలీ 7 దాకా ఓర్చుకుంటుంది. మీ బౌళ్లు పొంగి, ఆ పెట్రోలు మానిఫోల్డ్‌లోకి దిగుతోంది. వాసనా, వేడి మీద అందుకోకపోవడమూ చాలావరకు అక్కడివే. కొత్త కార్బురేటర్ ఏది కొని పెట్టినా వారం తిరక్కుండా ఇదే వాసన వచ్చేది. అప్పుడు మీరు ఆ కంపెనీని తిట్టేవారు.

పీడనం తగ్గించే రెగ్యులేటర్ వేయండి, లేదా కంపెనీ పీడనం ఇచ్చే మామూలు మెకానికల్ పంపుకు మారండి. మూల టైమింగ్ 10, 12 డిగ్రీల దగ్గరికి తెచ్చి, స్క్రూ తీసేసి గొట్టం కలపండి. ఇంజను టిక్కుటిక్కుమంటే వెనక్కి రండి. పనిలో పనిగా రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ మార్చేయండి. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును లోపలినుంచి తినేస్తుంది.

తర్వాత ఒక పరీక్ష. ఇంజను నడుస్తుండగా, థ్రాటిల్ (కాలు నొక్కితే తెరుచుకునే గాలి తలుపు) తిరిగే ఇరుసు రెండు కొసల దగ్గర కార్బురేటర్ క్లీనర్ కొంచెం చల్లండి, వేడి ఎగ్జాస్ట్ మీద పడకుండా. ఐడిలింగ్ మారితే ఇరుసు వదులై, అక్కడినుంచి గాలి దొంగతనంగా దూరుతున్నట్టు.

క్వాడ్రాజెట్ బాబాయి – ఆదివారం, రాత్రి 8:05

డిక్కీలోని నా బిడ్డకూ ఒక పరీక్ష. దాని బౌల్‌లో పెట్రోలు పోసి, ఇంటికి దూరంగా, నిప్పు లేనిచోట, పాత పేపరు మీద రాత్రంతా ఉంచండి. అడుగున బిళ్లలు ఉంటాయి, వయసు మీదపడితే అవి కారుతాయి. రాత్రి ఆపిన కారు తెల్లారి అందుకోకపోవడానికి చాలా క్వాడ్రాజెట్లలో కారణం అదే.

ప్లేనో మాలిబూ – తరువాతి శనివారం, సాయంత్రం 5:30

వారమంతా సాయంత్రాలు దీనికే పోయాయి. రెగ్యులేటర్ వేసి పీడనం 5.5కు తెచ్చాను. టైమింగ్ 12 డిగ్రీలు, గొట్టం కలిపాను. వాక్యూమ్ 17కు ఎక్కింది. వాసన దాదాపు పోయింది. బట్టలు ఉతికే యంత్రం గ్యారేజీలోనే ఉంటుంది, కారు కూడా.

కానీ క్లీనర్ చల్లగానే ఐడిలింగ్ పడిపోయింది. ఇరుసును వేలితో కదిలిస్తే చేతికి తెలుస్తోంది. కాబట్టి ఈ పేరులేని కార్బురేటర్‌కు సెలవు ఇవ్వక తప్పదు. ఇక బాబాయి గారికి చెడ్డ వార్త: పేపరు తడిసింది.

క్వాడ్రాజెట్ బాబాయి – శనివారం, రాత్రి 7:10

చెడ్డ వార్త ఏమీ కాదు. ఆ బిళ్లల మీద ఎపాక్సీ పూయాలి, ఇరుసుకు కంచు బుష్‌లు వేయాలి, ఫ్లోట్ మార్చాలి. ఒక సాయంకాలం పని. అయితే నిజం దాచను. మీ అల్యూమినియం మానిఫోల్డ్ నోరు నాలుగూ సమానమైన రంధ్రాలదైతే, దానిమీద క్వాడ్రాజెట్ కూర్చోవాలంటే మధ్యలో అడాప్టర్ పలక కావాలి. ఎత్తు పెరుగుతుంది, వెనక పెద్ద బ్యారెళ్ల దారి ఇరుకవుతుంది. ఆ పలక నాకు నచ్చదు. దానికి తగినది దాని సొంత ఇనుప మానిఫోల్డే.

ప్లేనో మాలిబూ – ఆదివారం, ఉదయం 11:00

పిల్లల బంకమట్టి ముద్ద ఒకటి గాలి ఫిల్టర్ మీద పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరిచాను. మట్టి పావు అంగుళం మందాన అణిగింది. ఇప్పుడు ఉన్న ఖాళీయే అంత. అడాప్టర్ ప్రశ్న అక్కడితో ముగిసింది. మిగిలినవి హాలీ, ఎడెల్‌బ్రాక్.

జెట్టు 66 – ఆదివారం, ఉదయం 11:30

నేను ఇప్పటికీ హాలీయే అంటాను. అయితే కొన్నాక చేయాల్సిన పనులు కూడా చెప్పడం ధర్మం. పెట్టెలోంచి తీసి బిగించి వదిలేస్తే ఏ హాలీ అయినా సగమే పనిచేస్తుంది. గేరులో పెట్టి ఐడిలింగ్ వాక్యూమ్ చూడాలి. లాగుడు ఎక్కువ కావాలన్నప్పుడు అదనపు పెట్రోలు ఇచ్చే పవర్ వాల్వు దానిలో సుమారు సగం అంకెది ఉండాలి. సెకండరీలు ఎంత తెరుచుకుంటున్నాయో తెలియాలంటే, వాటిని తెరిచే డయాఫ్రం కడ్డీకి కాగితాల క్లిప్పు ఒకటి తగిలించి, దాన్ని మూత దాకా జరిపి, ఒకసారి పూర్తిగా కాలు అదిమి వచ్చి చూడాలి. క్లిప్పు ఎంత కిందికి జరిగితే అంత తెరుచుకున్నట్టు. చాలకపోతే మెత్తని స్ప్రింగు. ఈ సరదా ఉన్నవాడికి హాలీని మించినది లేదు.

ప్లేనో మాలిబూ – ఆదివారం, మధ్యాహ్నం 12:10

జెట్టు గారూ, మీ చివరి వాక్యమే నన్ను తేల్చేసింది. నాకు ఆ సరదా లేదు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలే ఉన్నాయి. 1406 ఆర్డరు పెట్టాను.

జెట్టు 66 – ఆదివారం, మధ్యాహ్నం 12:14

నా గోతిలో నేనే పడ్డాను.

ఎత్తుమీద ఎల్‌ కమీనో – ఆదివారం, మధ్యాహ్నం 1:00

శుభం. బిగించేటప్పుడు మూడు విషయాలు. విద్యుత్ చోక్ తీగను ఇగ్నిషన్ కాయిల్‌కు కలపవద్దు. కాయిల్‌కు వెళ్లే రెసిస్టెన్సు తీగలో పూర్తి 12 వోల్టులు ఉండవు, చోక్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, కాయిల్ బలం కూడా తగ్గుతుంది. తాళం వేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజు చోటు వెతకండి. రెండోది, కాలు అదిమినప్పుడు గేరు తగ్గించే టీహెచ్‌350 కిక్‌డౌన్ కేబుల్. థ్రాటిల్ మొత్తం తెరిచినప్పుడు కేబుల్ కూడా చివరిదాకా లాగబడాలి. ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 గేర్‌బాక్సు అయితే ఈ కొలత తప్పితే గేర్‌బాక్సే కాలిపోతుంది. మీదానికి అంత భయం లేదు. మూడోది, టెక్సాస్ ఎండకు కార్బురేటర్ కింద వేడిని ఆపే అర అంగుళం ఫినోలిక్ పలక వేస్తే బాగుండేది. ఇథనాల్ పెట్రోలు త్వరగా మరుగుతుంది, ఆపిన ఇంజను వేడికి బౌల్‌లోనే ఉడుకుతుంది. కానీ మీకు బానెట్ కింద పావు అంగుళమే ఉంది కదా. లోతు తక్కువ పళ్లెం ఉన్న గాలి ఫిల్టర్ దొరికితే రెండూ పడతాయి.

ప్లేనో మాలిబూ – మూడు వారాల తర్వాత, శనివారం

బిగించి పది రోజులైంది. తక్కువ ఎత్తు ఫిల్టర్ పెట్టాక పలక కూడా పట్టింది. మధ్యాహ్నం బయట 100 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు కిరాణా దుకాణం ముందు ఇరవై నిమిషాలు ఆపి తాళం తిప్పాను. రెండు సెకన్లలో అందుకుంది.

ఒక్క లోపం. 45 మైళ్ల దగ్గర కాలు స్థిరంగా పెట్టి వెళ్తుంటే, ఎవరో వెనకనుంచి పట్టి లాగి వదిలినట్టు చిన్న ఊగు. కాలు కొంచెం నొక్కగానే పోతుంది.

ఎత్తుమీద ఎల్‌ కమీనో – శనివారం

మిశ్రమం పలచబడింది. 1406ను కంపెనీ పొదుపు వైపు బిగించి పంపుతుంది, ఇథనాల్ దాన్ని ఇంకా పలచన చేస్తుంది. రాడ్ల మీద 7547 అని చెక్కి ఉంటుంది. లావు భాగం 0.075, సన్న భాగం 0.047 అంగుళం అని అర్థం. నిలకడ వేగంలో పనిచేసేది లావు భాగమే. అది ఒక మెట్టు సన్నగా ఉన్న రాడ్లు తెప్పించండి. రాడ్డు సన్నబడితే పెట్రోలు దారి పెరుగుతుంది. కార్బురేటర్‌తో వచ్చిన పుస్తకంలో గళ్ల పట్టిక ఉంది, అందులో మీ గడి చూసుకోండి.

ప్లేనో మాలిబూ – ఆదివారం, వారం తర్వాత

మార్చాను. నాకు పదకొండు నిమిషాలు పట్టింది. ఒక స్ప్రింగు ఎగిరి రేడియేటర్ దగ్గర పడింది, దాన్ని వెతకడానికే ఆరు. ఊగు పోయింది.

బాబాయి గారూ, క్వాడ్రాజెట్‌ను పార్శిల్ చేశాను. తొందరేమీ లేదు. ఈలోగా 1972 ఇనుప మానిఫోల్డ్ ఒకటి వెతుకుతూ ఉంటాను.

క్వాడ్రాజెట్ బాబాయి – గురువారం

అందింది. మూత విప్పాను. ఇరుసు అనుకున్నంత వదులుగా లేదు, బుష్ ఒక పక్కే చాలు. సెకండరీల వైపు గాలి దారిలో కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది, ఎండి రాయైపోయింది. డబ్బాలో ఎన్నేళ్లుందో. ఇరవై నాలుగు గంటలు నానబెట్టి, శనివారం ఫొటోలు పెడతాను.